ఊరెళ్ళినవాడి ముక్క

మా ఇంట్లో కీరకాయ ముక్కల సీసా ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాదు. కానివ్వరు మా అత్తయ్య. ఇంట్లోంచి ఎవరైనా ఊరెళ్ళి ఉంటే వాళ్ళ కోసం అడుగున ఒక్క ముక్క మిగిలి ఉండాలి. ఆ మనిషి తిరిగొచ్చాక బూట్లు విప్పకముందే, మంచినీళ్ళయినా తాగకముందే ఆ ముక్క నోట్లో వేసుకోవాలి. అప్పటికిగాని మనిషి ఇల్లు చేరినట్టు కాదని ఆవిడ నమ్మకం.

నేను కాపురానికొచ్చిన కొత్తలో ఇది చూసి పడీపడీ నవ్వాను. "ఒక్క ముక్క కోసం అంత సీసా ఫ్రిజ్‌లో మహారాణిలా కూర్చోవాలా అత్తయ్యా? దాన్ని చిన్న గిన్నెలో వేసి, సీసా తోమి బోర్లిస్తే కొంపలేమైనా మునుగుతాయా?" అన్నాను. ఆవిడ నావైపు చూసి, "నీకు నోరెక్కువమ్మాయ్" అన్నారు. నేను ఏది అడిగినా ఆవిడ జవాబు అదే.

నోరెక్కువన్న మాట నిజమే, నేనేం కాదనను. లాండ్రీలో ఇస్త్రీ బల్ల దగ్గర పని నాది. రోజంతా ఆవిరి మొహాన కొడుతూ ఉంటుంది. తాము చేసుకున్న మరకలన్నీ మా నెత్తిన రుద్దాలని చూసేవాళ్ళు కౌంటరు దగ్గర వరుస కట్టి ఉంటారు. అక్కడ నోరు మూసుకుని నిలబడితే బతకనివ్వరు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా యజమాని అందరితో చెబుతాడు, కానీ గొడవపడే గిరాకీ వస్తే నన్నే ముందుకు తోస్తాడు.

మా ఆయన నాకు పూర్తిగా ఉల్టా. లారీ డ్రైవరు. మాట్లాడటానికి బద్ధకం, తినడానికి మాత్రం ఎప్పుడూ సిద్ధం. ఆయనతో నాకు రెండే రెండు పేచీలు. ఒకటి, తల్లి పెట్టిన ఆ నియమం పుణ్యమా అని బురద బూట్లతో నేరుగా వంటింట్లోకి రావడం. రెండోది తాళాలు. బండి తాళాలు ఎక్కడ పడితే అక్కడ పడేస్తాడు. ఒకసారి ఫ్రిజ్‌లో గుడ్ల పక్కన దొరికాయి. ఇంకోసారి చొక్కా జేబులో మా లాండ్రీకే వచ్చి, మిషన్లో పడి టకటకా కొట్టుకుంటుంటే నా పరువు పోయింది. ఇక లాభం లేదని వంటింటి గుమ్మానికి నేనే ఒక కొక్కెం దిగ్గొట్టాను. ఆయన ప్రయాణం నుంచి వచ్చి గుమ్మంలో అడుగు పెట్టగానే నా నోటి నుంచి వచ్చే మొదటి మాట "వచ్చారా" కాదు, "తాళాలేవీ?"

ఆయన ఉలిక్కిపడి జేబులు తడుముకుంటాడు. ముందు చొక్కా జేబు, తరవాత ప్యాంటు ముందు జేబులు, చివరికి వెనక జేబు. ఎప్పుడూ అదే వరస. సగంసార్లు తాళాలు బండికే వదిలేసి ఉంటాడు. "పోయి తెచ్చుకోండి, అప్పుడు పెడతాను ముక్క" అని నేను సీసా వెనక్కి లాక్కుంటాను. ఆయన నవ్వుకుంటూ మళ్ళీ మెట్లు దిగి వెళ్తాడు.

అత్తయ్యకి ఇది బొత్తిగా గిట్టదు. "వచ్చిన మనిషిని ముందు ఆ ప్రశ్నేనా?" అని నొచ్చుకునేవారు. "ఆకలితో వచ్చాడు. ముందు పెట్టు. మిగతావి తరవాత అడుగుదువుగాని."

ఆవిడ అలా ఎందుకంటారో నాకు తెలుసు. మా మామగారు కరెంటు లైన్‌మన్. నేను ఆయన్ని చూడలేదు. గోడ మీద ఫొటోలో స్తంభం పక్కన, నడుముకి బెల్టుతో, మోచేతుల దాకా రబ్బరు గ్లౌజులతో నవ్వుతూ ఉంటారు. ఒక గాలివానలో ఎక్కడో తీగలు తెగాయని పిలిస్తే వెళ్ళారు. ఆయన కోసం ఉంచిన ముక్క సీసాలో ఉంది. అత్తయ్య బేకరీలో పని ముగించుకుని ఇంటికొచ్చి చూస్తే, వేసిన తలుపు వేసినట్టే ఉందిట, సీసా మాత్రం ఖాళీట. సీసా మూతి మీద ఫోర్కు అడ్డంగా పెట్టి ఉందిట. తినేశాక అలా పెట్టడం మామగారి అలవాటు. కాసేపటికి కబురొచ్చింది, స్తంభం మీదే పోయారని. "వచ్చి తిని వెళ్ళారమ్మా. ఆకలితో పోలేదు" అని అత్తయ్య ఎప్పుడు చెప్పినా ఆ మాటతోనే ముగించేవారు. ఆ మాట దగ్గర ఆవిడ మొహం కాస్త తేటపడేది. అందుకే నేను ఎదురుచెప్పేదాన్ని కాదు. నమ్మేదాన్నీ కాదు.

ఆ రోజు మా ఆయన ఘాట్ రోడ్డు మీదుగా లోడు తీసుకుని వెళ్ళాలి. తెల్లవారుతూనే ముసురు పట్టింది. ఆయన టీ తాగుతుంటే నేను కీరకాయలు ముందేసుకుని కూర్చున్నాను. లేతవి కావాలి, గోరు దించితే నీరు రావాలి. చివర్లు కోసి, తొక్క తియ్యకుండా చక్రాలు తరిగి, ఉప్పు చల్లి జల్లెడలో వదిలేశాను. ఆ నీరంతా దిగకపోతే ముక్క కరకరలాడదు. ఈలోగా వెనిగరు, నీళ్ళు, పంచదార, ఉప్పు గిన్నెలో పోసి పొయ్యి మీద పెట్టాను. అది మరిగేటప్పుడు మొహం పక్కకి తిప్పుకోవాలి, లేదంటే కళ్ళల్లో గంగాయమునలే. సీసా అడుగున చితక్కొట్టిన వెల్లుల్లి, మిరియాలు, తుంచిన ఎండుమిర్చి కాస్త దండిగానే వేశాను. వాటి మీద ముక్కలు, పైన మరిగిన నీళ్ళు. పొద్దున పోస్తే మధ్యాహ్నానికి తినొచ్చు. నెలల తరబడి ఎండబెట్టి, ఊరబెట్టి, ఎదురుచూసే పచ్చళ్ళకి నాకు ఓపిక లేదు.

"చల్లారే దాకా ఉంటే రెండు ముక్కలు తిని వెళ్ళేవాణ్ణి" అన్నాడాయన, సీసా వంక ఆశగా చూస్తూ.

"తిండిపోతు! బండి బయల్దేరాల్సిన టైము దాటుతోంది. వచ్చాక మీ ముక్క మీకుంటుందిలెండి, ఎవరూ ఎత్తుకుపోరు."

ఆయన లేచాడు. కొక్కేనికున్న తాళాలు తీసుకుని, నా మొహం ముందు గలగలలాడించి, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఫోన్ చెయ్యలేదు. బండి ఎక్కడ ఆగినా ఒక్క మాట చెప్పడం ఆయన అలవాటు. నేనే చేశాను, మోగలేదు. కొండ మీద సిగ్నల్ ఉండదులే అనుకున్నాను. మర్నాడు కూడా వాన తెరిపివ్వలేదు. ఫోనూ రాలేదు. ఇస్త్రీ చేస్తూ ఎవరిదో తెల్ల చొక్కా భుజం దగ్గర మాడ్చేశాను. అన్నేళ్ళ పనిలో నేను బట్ట మాడ్చడం అదే మొదలు. యజమాని తిట్టలేదు సరికదా, "ఇంటికెళ్ళమ్మా" అన్నాడు. ఆయన తిట్టకపోయేసరికి నాకు భయం పట్టుకుంది.

ఇంట్లో వంట చేసే మనసు ఎవరికీ లేదు. నేనూ అత్తయ్యా బ్రెడ్డు ముక్కలు, పక్కన ఆ కీరకాయ చక్రాలు, అంతే. అలా నములుతూ నములుతూ ఒక పూట ఫోర్కు సీసాలో పెడితే ఒక్కటే తగిలింది. అత్తయ్య నా చేతిలోంచి ఫోర్కు తీసుకుని, కడిగి, గిన్నెల బుట్టలో వేశారు. సీసాకి మూత గట్టిగా బిగించి ఫ్రిజ్‌లో పెట్టారు. "అది వాడిది" అన్నారు, నాకు తెలియనట్టు.

ఆ మర్నాడు ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకి వెళ్ళాను. ఆవరణంతా డీజిలు తేలుతున్న నీళ్ళు, చక్రాల కింద రాళ్ళు పెట్టి నిలిపిన బండ్లు. లోడింగు గుమాస్తా నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. మామూలుగా ఆయన తల కూడా ఎత్తడు.

"ఘాట్ రోడ్డు మీద మట్టి జారిందమ్మా. అటు బండ్లు అటే, ఇటు బండ్లు ఇటే. మీవారి బండి ఏ పక్క ఉందో ఇంకా తెలీలేదు."

"ఇంకా తెలీలేదంటే? మీరు కుర్చీలో కూర్చుని టీలు తాగుతుంటే ఎలా తెలుస్తుంది? మనిషిని పంపరేం? మీ ఇంటి మనిషైతే ఇలాగే ఊరుకుంటారా?" అని నోటికొచ్చింది అనేశాను. ఆయన "కూర్చోండమ్మా, నీళ్ళు తాగండి" అన్నాడు. ఆ మర్యాద చూశాక కూర్చోకుండా వచ్చేశాను.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం. మబ్బుకి గదులన్నీ నీలంగా ఉన్నాయి. గొడుగు స్నానాలగదిలో పెట్టి, గాలికి తలుపు కొట్టుకుంటుంటే గడియ వేశాను. అత్తయ్య ముందుగదిలో కిటికీ పక్కన కుర్చీలో, వీధి వైపు చూస్తూ కూర్చుని ఉన్నారు. నా మొహం చూసి మళ్ళీ కిటికీ వైపు తిరిగారు.

నేను వంటింట్లోకి వెళ్ళి సీసా బయటికి తీశాను. ఎందుకు తీశానో నాకే తెలీదు. చూడాలనిపించింది. మిరపగింజల మధ్య అడుగున పడి ఉంది ఆయన ముక్క, చుట్టూ ఆకుపచ్చ అంచుతో. సీసాని బల్ల మీద పెట్టి, మొహం కడుక్కుందామని పంపు తిప్పాను.

"అమ్మాయ్, తలుపు తీశావా?" ముందుగదిలోంచి అత్తయ్య పిలిచారు.

"లేదత్తయ్యా, గడియ పెట్టే వచ్చాను."

"మరి పట్టా తడిసిందేం?"

"నా గొడుగు నీళ్ళయ్యుంటాయి" అంటూ వెళ్ళాను. గుమ్మం లోపల కాళ్ళు తుడుచుకునే పట్టా ముద్దగా తడిసిపోయి ఉంది. వచ్చినప్పుడు నేను దాని మీదే నిలబడ్డాను, అప్పుడు అది పొడిగా ఉంది. కాలితో నొక్కి చూశాను. ఎర్రటి నీళ్ళు ఊరాయి. మా వీధంతా సిమెంటు. ఎర్రమట్టన్నది చుట్టుపక్కల ఎక్కడా లేదు. గడియ వంక చూశాను. వేసింది వేసినట్టే ఉంది.

"ఏమిటమ్మా?" అన్నారు అత్తయ్య.

"ఏం లేదు" అన్నాను.

వంటింట్లోకి తిరిగొచ్చేసరికి వెనిగరు వాసన ముక్కు పగలగొడుతోంది. మూత బిగించే ఉంది. ఆ వాసన వెనకాల ఇంకోటి ఉంది. డీజిలూ, తడిసిన సీటు కవరూ, చెమటా కలిసిన వాసన. పెళ్ళయినప్పటి నుంచీ నేను ఉతుకుతున్న చొక్కాల వాసన. ఆయన కూర్చునే కుర్చీ బల్ల కిందనుంచి బయటికి జరిగి ఉంది. నేను కుర్చీలు లోపలికి తొయ్యకుండా ఎప్పుడూ వంటిల్లు దాటను. గిన్నెల బుట్టలో ఉండాల్సిన ఫోర్కు సీసా మూత మీద అడ్డంగా పడుకుని ఉంది.

ఇంక ముక్క. అడుగున పడి ఉన్నది ఇప్పుడు నీళ్ళ మీదికి తేలి, నిలువునా నిలబడి, అంచుతో మూతని తాకుతోంది.

కుర్చీ అంచు నుంచి ఒక్కొక్క చుక్కా నేల మీద పడుతోంది. టప్. కాసేపాగి మళ్ళీ టప్. కుర్చీలో ఎవరూ లేరు. కానీ ఎవరో ఉన్నారని, నన్నే చూస్తున్నారని, సీసా వంక చూసి మళ్ళీ నా వంక చూస్తున్నారని నా ఒంటి మీద రోమం రోమం చెబుతోంది.

అప్పుడు ఆకలేసింది. నాది కాదు ఆ ఆకలి. పొద్దుట్నుంచీ ఏదీ తినబుద్ధి కానిదాన్ని. పేగులు మెలిపెట్టి పిండేస్తున్న ఆకలి, గొంతు ఎండుకుపోయి, బోలెడంత దూరం నడిచొచ్చిన మనిషి ఆకలి. నా గుండె కరిగి నీరైపోయింది. అయ్యో, తినకుండా వెళ్ళాడు కదా, రెండు ముక్కలు తిని వెళ్తానంటే నేనే తరిమేశాను కదా అని ఏడుపు తన్నుకొచ్చింది. ఫోర్కు పక్కన పెట్టాను. మూత మీద చెయ్యి వేశాను. ఐస్‌లా ఉంది. సగం తిప్పాను.

నా మణికట్టుని ఎవరో గట్టిగా పట్టుకున్నారు. అత్తయ్య. ఎప్పుడు లేచొచ్చారో తెలీదు. ఆవిడ చూపు నా మీద లేదు, ఆ కుర్చీ మీదుంది.

"పెట్టకు" అన్నారు.

ముందు పెట్టు, ముందు పెట్టు అని నా చెవిలో జోరీగలా పోరే మనిషి ఆవిడ. గోళ్ళు నా చేతిలోకి దిగుతున్నాయి.

"పెట్టకమ్మాయ్. మూత తియ్యకు."

చుక్కలు తొందర తొందరగా పడసాగాయి. మూత కింద ముక్క చిన్నగా కొట్టుకుంటోంది, టిక్ టిక్ టిక్. ఆ కాసేపూ నాకు ఏమయిందో చెప్పలేను. భయమంతా ఒక్కసారిగా కోపం కింద మారిపోయింది. ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులుగా ఫోన్ లేదు, పలకరింపు లేదు, ఇప్పుడిలా గడియ పెట్టిన తలుపులోంచి, కనపడకుండా, దొంగలా వచ్చి కూర్చుంటాడా?

"ఏవండీ!" అని అరిచాను. "తాళాలేవీ?"

చుక్కలు ఆగిపోయాయి.

"మిమ్మల్నే! తాళాలేవీ అంటున్నాను! బండేదీ? ఎక్కడ పడేసొచ్చారు? ఇదేనా ఇంటికొచ్చే పద్ధతి? ఆకలేస్తే ఆకలేసింది! తాళాలు ఆ కొక్కేనికి పడితేగాని ఈ మూత తియ్యను. మీ అమ్మ చెప్పినా తియ్యను. చచ్చినా తియ్యను! లేవండి ముందు! వెళ్ళి తాళాలు తీసుకుని, సరిగ్గా తలుపు కొట్టి, మనిషిలా రండి!"

నా అరుపుకి కిటికీ అద్దం గణగణమంది. తరవాత అంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో మెత్తగా ఒక చప్పుడు. బట్ట మీద అరచెయ్యి తట్టిన చప్పుడు. ముందు పైన. తరవాత కింద ఒక పక్క, ఇంకో పక్క. చివరికి వెనక. నేను కళ్ళు మూసుకుని విన్నాను. అదే వరస.

కుర్చీ కిర్రుమంది. ముందుగదిలో పట్టా ఒకసారి పిసుక్కుమంది. అంతే. వాసన పోయింది. సీసాలో ముక్క పక్కకి ఒరిగి, మెల్లగా, ఊగుతూ అడుక్కి దిగిపోయింది.

అత్తయ్య నా చెయ్యి వదల్లేదు. ఇద్దరం వంటింటి నేల మీద చతికిలబడి, సీసాని మధ్యన పెట్టుకుని కూర్చున్నాం. నేను చేసింది తరమడమో పంపడమో నాకు తెలీలేదు. ఆకలితో వచ్చిన మొగుణ్ణి గెంటేశానా? అదే ఆయన ఆఖరి రాకైతే, ఆ ఆఖరి రాకలో కూడా నేను తిట్టిన తిట్లే ఆయన వెంట వెళ్ళాయి. వెక్కివెక్కి ఏడ్చాను. అత్తయ్య ఏడవలేదు. ఆ కుర్చీనే చూస్తూ ఉండిపోయారు.

పొద్దు వాలకముందే ఫోన్ మోగింది. ఏదో ఆసుపత్రి నుంచి నర్సు. లారీ మట్టితోపాటు లోయ వారకి జారిందట. ఆయన కేబిన్‌లోనే ఇరుక్కుపోయాడట, వాననీళ్ళు నిండుతూ వచ్చాయట. ఈ మధ్యాహ్నం బయటికి లాగినప్పుడు ఊపిరి లేదనే అనుకున్నారట. భుజం విరిగింది, పక్కటెముకలు దెబ్బతిన్నాయి, ప్రాణానికి ఏం ఫరవాలేదు.

"ఒక్కటేనమ్మా, కుడిచేతిలో తాళంచెవులు పట్టుకున్నాడు. కట్టు కట్టాలి, ఇవ్వవయ్యా అంటే వదలడం లేదు. ఎంత చెప్పినా వినడే!" అని నవ్వింది ఆ నర్సు.

నాకు నవ్వు రాలేదు. నా ప్రాణం లేచొచ్చింది, కానీ చేతుల మీద వెంట్రుకలు మాత్రం చాలాసేపు నిక్కబొడుచుకునే ఉన్నాయి.

రోడ్డు బాగయ్యాక లోడింగు గుమాస్తాయే కారులో తీసుకొచ్చి దింపాడు. తలుపు చప్పుడైంది. మూడుసార్లు, మర్యాదగా. తీశాను. భుజానికి కట్టుతో, చిక్కి సగమై, గుమ్మం బయట నిలబడి ఉన్నాడు. పరిగెత్తుకెళ్ళి పట్టుకోవాల్సినదాన్ని, నిలబడిపోయాను. ముందు ఆయన కాళ్ళ వంక చూశాను. బూట్లు పొడిగా ఉన్నాయి. పట్టా మీద అడుగు పెడితే పట్టా తడవలేదు.

"తాళాలేవీ?" అన్నాను.

ఆయన ఎడమచేత్తో చొక్కా జేబులోంచి తాళాలు తీసి, వంటింటి దాకా నడిచి, కొక్కేనికి తగిలించాడు. అప్పుడు తీశాను మూత. ఇన్నాళ్ళు నీళ్ళలో ఉండి ముక్క మెత్తబడి, రంగు దిగిపోయింది. అయినా కళ్ళు మూసుకుని తిన్నాడు. కారానికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తినేశాక పెదవికి అంటిన మిరపగింజలు గోటితో గీకి సింకు అంచు మీద పెట్టాడు. ఇంకో రోజైతే దానికీ పేచీ పెట్టేదాన్ని.

"నీ మీద ఎంత కోపమొచ్చిందో తెలుసా" అన్నాడు కుర్చీలో వాలి. "నీళ్ళల్లో ఉన్నట్టుంది, అంతలోనే ఇక్కడ కూర్చున్నట్టుంది. ఒకటే ఆకలి. ఎదురుగా సీసా. నువ్వు పెడతావనే అనుకున్నాను, మూత కూడా తిప్పావు. అమ్మ వచ్చి నీ చెయ్యి పట్టేసుకుంది. నువ్వేమో తాళాలేవీ అని ఎగిరిపడ్డావు. జేబులన్నీ తడుముకున్నాను, లేవు. బండికే వదిలేశానని గుర్తొచ్చింది. ఇది తెచ్చిస్తేగాని పెట్టదురా బాబూ అని, తిట్టుకుంటూ వెనక్కి వెళ్ళాను. తాళాల మీద చెయ్యి పడేసరికి భుజం భగ్గుమంది. ఎవరో నా కాలర్ పట్టుకుని లాగుతున్నారు." ఆయన నవ్వాడు. "కలే అనుకో. కానీ ఆ ముక్క ఒక్కటి తినుంటే ఇంక లేచేవాణ్ణి కాదు. అంత హాయిగా ఉంది ఇక్కడ."

నేను ఆయన తల నిమురుతూ అత్తయ్య కేసి చూశాను. సంతోషిస్తారనుకున్నాను. ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నారు. మొహంలో రక్తం లేదు.

"ఏమైందత్తయ్యా?"

"మీ మామగారు వచ్చినప్పుడు నేను బేకరీలో లేనమ్మాయ్" అన్నారు మెల్లగా. "ఇంట్లోనే ఉన్నాను. ఈ సీసా ముందే ఉన్నాను."

ఆయన నవ్వు ఆగిపోయింది. "అదేంటమ్మా? ఖాళీ సీసా చూశానని..."

"అలా చెప్పుకున్నాను. నేనే తీశాను మూత. పళ్ళెంలో పెట్టి ఇచ్చాను. తిన్నంతసేపూ పక్కనే కూర్చున్నాను. ఆకలితో పోలేదు, నా చేత్తో తిని పోయారు అన్న ఆ ఒక్క తృప్తితో ఇన్నేళ్ళూ బతికాను. ఎప్పుడైనా అనుమానం వచ్చేది. పక్కకి తోసేసేదాన్ని. మొన్న నీ చెయ్యి మూత మీద చూసేసరికి మాత్రం తోసెయ్యలేకపోయాను."

వెళ్ళి ఆవిణ్ణి పట్టుకున్నాను. ఆవిడ నా భుజం మీదుగా గోడ మీది ఫొటో వంక చూస్తున్నారు.

"ఆయన చేతులకి గ్లౌజులు లేవమ్మాయ్. చూశాను. గ్లౌజులేవీ అని నోటిదాకా వచ్చింది. వచ్చిన మనిషిని ముందు ఆ ప్రశ్నేనా అని ఊరుకున్నాను."